విత్తనం ఒలుస్తూ విన్న నవల

ఆషాఢం, ఆదివారం. పొద్దున్నే కడపలో మా ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల బీరువాలో అట్ట చిరిగిన ఒక నవల కనబడింది. తెరిచాను... మొదటి వాక్యమే నాకు కంఠస్థం! మధ్యాహ్నానికల్లా మొత్తం చదివేశాను.

మా చిన్నప్పుడు, యుద్ధం రాకముందు, కమలాపురం దగ్గర మా పల్లెలో వాన రాని ఏడాది పురాణం చదివించేవాళ్లు... చదువు ముగిసేలోగా వాన పడుతుందని నమ్మకం. అలాంటి ఒక ఏడాది, పురాణం చెప్పే అయ్యగారు జ్వరంతో పడుకున్నారు. వీధిలో చదవడం వచ్చిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. మా ఇంట్లో ఉన్న పుస్తకమూ ఒక్కటే... మామ మద్రాసు నుంచి తెచ్చిన ఈ నవల.

చిన్నమ్మ దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, నా ఒళ్లో ఉంచింది. "ఏ పుస్తకమైతేనేం, సరస్వతే గదా... చదువు పాపా."

అరుగు మీద నేను చదువుతుంటే, ఆడవాళ్లు చుట్టూ చేరి చిన్నమ్మ వాళ్ల విత్తనం శనక్కాయలు ఒలిచేవాళ్లు. కథేమో కదలదు... ఒకాయన కిటికీ దగ్గర కూర్చుని తన బతుకు గురించి ఆలోచిస్తూ ఉంటాడు. అంతే!

"యాడికీ పోడా వీడు?" అంది పక్కింటి ఖాసింబీ అవ్వ. "నిన్న గూడా ఈడే కూచోనుండె!"

"పొలమా, గొడ్డా... లేసి ఏం జేస్తాడవ్వా?" అంది అమ్మ. అందరూ నవ్వారు.

చిన్నమ్మ నవ్వలేదు. "మనం మాత్రం ఏం జేస్తాండాం? వానొస్తాదేమోనని మోడం కల్లా చూస్తా కూచోలేదా... చదువు పాపా, శానా బాగుండాది."

నాకు కథ విసుగు... మాటలు మాత్రం తీపి. నిట్టూర్పు, నిర్లిప్తత... అర్థం తెలియకపోయినా నాలుక మీద తిప్పుకునేదాన్ని.

కాయగా ఉన్న విత్తనం మరుసటి ఏటిదాకా నిలుస్తుంది. ఒలిచిన పప్పు నిలవదు... త్వరగా భూమిలో పడాలి. అందుకే మోడం... వాన మబ్బు... గట్టిగా పట్టాకే ఒలుస్తారు. ఆ సంగతి చిన్నమ్మకు తెలియదా! కానీ నా చదువు ముగిసేలోగా వాన పడుతుందని నమ్మకం పెట్టుకుంది. నేను చదివినంతసేపూ చేతులు ఆగలేదు... బస్తాలన్నీ ఖాళీ అయ్యాయి.

చివరి పుట చదివి పుస్తకం మూశాను. ఆయన ఇంకా కిటికీ దగ్గరే ఉన్నాడు.

"అయిపాయనా?" అని చిన్నమ్మ ఆకాశం వైపు చూసింది. తెల్లగా ఉంది.

ఆరుద్ర కార్తె పోయింది... పునర్వసు పోయింది. పప్పుకు పురుగు పట్టింది. మిగిలినదాన్ని చిన్నమ్మ మంగలంలో వేయించి వీధి పిల్లలకు పంచింది. విత్తనం వేగుతున్న వాసనకు పెద్దవాళ్లెవరూ బయటికి రాలేదు. ఆ వారమే చిన్నమ్మా చిన్నాయనా బేతంచెర్ల రాళ్ల గనికి పోయారు. మళ్లీ సేద్యానికి రాలేదు.

ఈ రోజు చదివితే... వాక్యాలు నిజంగా అందమైనవే. మనిషి మనసును అంత ఓపికగా తవ్విన రచయిత మీద గౌరవం కలిగింది. సగం దాటాక కోపమూ వచ్చింది. ఆ కిటికీ దగ్గరి ఆయనకు అన్నం పెట్టే వంటమనిషిది ఏ ఊరో, అక్కడ వాన పడిందో లేదో, ఒక్క మాట లేదు. మంచి నవలేనా? ఏమో... చెప్పగలిగిన చిన్నమ్మ గనిలో రాళ్లు మోస్తోంది.

ఇప్పుడు ఊళ్లో మా వీధిలో సగం ఇండ్లకు తాళాలు. అరుగు మీద చదివేవాళ్లూ లేరు, వినేవాళ్లూ లేరు... మీ ఇండ్లలో ఏ పని చేస్తూ ఏ కథ వినేవాళ్లో, మన పాఠశాల గోడపత్రికలో రాయండి.

ఈ ఏడూ మోడం లేదు. అయ్యగారు పురాణం మొదలుపెట్టారని ఊరి నుంచి వచ్చినవాళ్లు చెప్పారు. రేపు పొద్దున తొలి రైలుకే పోతాను... అమ్మ విత్తనం కాయల బస్తా విప్పకముందే ఇల్లు చేరాలి.