ఉత్తరాన కనబడిన పచ్చ

దయ్యాలు, మాయలు అంటే మా ఇంట్లో ముందుగా నవ్వేది నేనే. మా అత్త గుమ్మానికి నిమ్మకాయలు కడితే, "పులిహోరకన్నా పనికొస్తుండె గద అత్తా" అని ఏడిపించేదాన్ని. ఇప్పటికీ దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. అందుకే ఆ సాయంత్రం సంగతి ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను.

మాది గద్వాల, చేనేత కుటుంబం. రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు, ఒక వానాకాలం. అప్పుడు మట్టి మిద్దెలో ఉండేవాళ్లం. రోజుల తరబడి ముసురు పట్టి ఆ రోజే తెరిపి ఇచ్చింది. మిద్దె బాగా నానిందని తెలుసు. తాతల నాటి ఇల్లు, ఏమవుతుందిలే అనుకున్నాం.

మా ఆయన గుంట మగ్గంలో కూర్చుని కొంగు అతుకుతున్నాడు. మా చీరకు ఒళ్లంతా నూలు, కొంగు పట్టు. నూలు పోగు కొసకు పట్టు పోగును ఒక్కొక్కటిగా మెలివేసి అతకాలి. ఆ పని మొదలుపెడితే మధ్యలో లేవడు. అన్నానికి పిలిచినా అంతే, ఇంటికి చుట్టాలొచ్చినా అంతే. పక్కన ఆకుపచ్చ పట్టు పోగుల చుట్ట, అదే లడి, పెట్టుకున్నాడు. ఆ కొంగులోకి నేయాల్సిన రంగు అది. అద్దకం చేసేవాళ్లు రెండుసార్లు మార్చి ఇచ్చినా ఈయనకు నచ్చలేదు.

పొద్దు గూకాక చంటిబిడ్డను ఎత్తుకుని వాకిట్లోకి వచ్చాను. అత్త అరుగు మీద కూర్చుని ఉంది. ఉత్తరాన, కృష్ణా నది ఉన్న వైపు, ఆకాశం పచ్చగా వెలుగుతోంది. ఆ పచ్చకు పైన ఎర్రంచు. ఆరేసిన చీర గాలికి కదిలినట్టు మెల్లగా కదులుతోంది. పడమర అప్పటికే చీకటి పడింది. మంట అనుకుందామంటే పొగ లేదు. మెరుపు అనుకుందామంటే ఆరిపోవడం లేదు. నాకు భయం వేయలేదు, అంత అందంగా ఉంది.

"ఏమయ్యా, జర బయటికి రా! ఆకాశం ఎట్లుందో చూడు!" అని కేకేశాను.

"అతుకు మధ్యల లేస్తరా? తెల్వదా నీకు?" అని లోపలి నుంచి కసిరాడు.

నా నోటికి ఎలా వచ్చిందో, "నువ్వు ఎతుకుతున్న పచ్చ గిక్కడుంది!" అన్నాను.

మావాళ్లు పట్టు రంగును బల్బు కింద నమ్మరు. లడిని బయటికి తెచ్చి ఆకాశం కింద చూసుకుంటారు. ఆ అలవాటే ఆయన్ని లేపింది. గొణుక్కుంటూ లడి పట్టుకుని వచ్చాడు. దాన్ని ఆ వెలుగుకు ఎదురుగా పట్టి, లడిని కాదు, ఆకాశాన్ని చూపిస్తూ, "గిదేనే, నేను చెప్పిన పచ్చ గిదే" అన్నాడు.

అంతలో వెనక ధడేల్మని చప్పుడు. దూలం విరిగి మిద్దె కప్పు మగ్గం మీద కూలింది. దుమ్ము తగ్గాక చూస్తే ఆయన కూర్చునే గుంట మట్టితో నిండిపోయి ఉంది. ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని బావురుమన్నాను. మళ్లీ తలెత్తేసరికి ఉత్తరాన ఏమీ లేదు.

"జమ్ములమ్మ తల్లే పిల్సింది బిడ్డా" అని మా ఊరి అమ్మవారిని తలుచుకుంది అత్త. ఈసారి నేను నవ్వలేదు.

వీధిలో అడిగితే ఒకామె ఎరుపు చూశానంది, మిగతావాళ్లు ఏమీ చూడలేదన్నారు. కృష్ణ మీద కట్టిన ప్రాజెక్టు దీపాలన్నాడొకాయన. ఆ దీపాలు మేం రోజూ చూసేవే. కొన్నేళ్లకు టీవీలో ధ్రువాల దగ్గరి వెలుగులు చూపించారు. కండెకు నూలు చుడుతున్న నా చెయ్యి ఆగిపోయింది. అదే పచ్చ, అదే కదలిక. తెలిసిన సైన్సు సారును అడిగాను. ఆ వెలుగులు భూమి కొసన ఉన్న దేశాల్లోనే కనిపిస్తాయని, గద్వాలకు రావని చెప్పాడు. ఆయన మాట తప్పనను. నేను చూసిందీ తప్పు కాదు.

అదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. ఎవరు పంపారో తెలియదు కాబట్టి, పొద్దు గూకాక ఉత్తరం వైపే ఒక దండం పెడతాను. మా ఆయన ఇంకా ఆ పచ్చ కోసం అద్దకం వాళ్ల ప్రాణం తీస్తూనే ఉన్నాడు. ఏ లడి తెచ్చినా గడపలో నిలబడి, "ఇది కాదే" అంటాడు. ఆ మాట వినబడిన ప్రతిసారీ నా కడుపు చల్లబడుతుంది.