మామ చేత్తో కొనాల్సిన టికెట్టు

మా చిన్నాయన పైనుంచి పడలేదు. ఇది ముందే చెప్పేస్తే మంచిది. గోడలు కట్టే మనిషి పోయాడంటే ఎవరైనా మొదట అడిగేది ఎన్నో అంతస్తు అని. ఏ అంతస్తూ కాదు. కింద ఇసుక కుప్ప మీద కూర్చుని, టీ గ్లాసు చేతిలో పట్టుకుని, పక్కకి ఒరిగిపోయాడు. గుండె. ఈ జవాబు విన్నాక పరామర్శకు వచ్చిన కొందరి మొహాల్లో కాస్త నిరాశ కూడా కనిపించింది.

ఆయన మా నాయనకు తమ్ముడు. పెళ్లి చేసుకోలేదు. గుడియాత్తంలో మాతోనే ఉండేవాడు. అన్నదమ్ములిద్దరూ తాపీ పనివాళ్ళు. గోడ కట్టేటప్పుడు వరస వంకర పోకుండా ఈ కొస నుంచి ఆ కొసకు నూలుదారం లాగి పట్టుకుంటారు. ఒక కొస మా నాయనది, ఇంకో కొస చిన్నాయనది. ఇద్దరూ చెరో వైపు నుంచి ఇటుకలు పేర్చుకుంటూ వచ్చి మధ్యలో కలిసేవాళ్ళు. కలిసినప్పుడు మాట్లాడుకునేది గోడ గురించి కాదు, ఫుట్‌బాల్ గురించి.

చావు ఇంట్లో నాకు ఏడుపు రాలేదు. ప్రయత్నించలేదని కాదు. ఏడవనందుకు కాఫీ ట్రే నా చేతికి వచ్చింది. ఏడ్చేవాళ్ళకు ట్రే ఇవ్వరు, అది న్యాయమే. పదహారు రోజులూ నేను కాఫీలు అందించాను, మా నాయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆయనకూ ఏడుపు రాలేదు కానీ ఆయన ఇంటికి పెద్ద, ట్రే ఇవ్వడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు.

ఇంట్లో తెలుగు అందరూ మాట్లాడతారు, మా ఊరి బడుల్లో ఉండేది తమిళమే, తెలుగు చదవడం మాత్రం నాకొక్కదానికే వచ్చు. కాబట్టి ఇది చదివి ఎవరైనా నొచ్చుకుంటారన్న భయం లేదు.

మా వైపు ఒక పద్ధతి ఉంది. పదహారో రోజు కర్మ అయిపోయాక, ఆ ఇంటివాళ్ళను మేనమామ సినిమాకు తీసుకుపోవాలి. ఏ సినిమా అన్నది ముఖ్యం కాదు. మామే కౌంటర్‌లో చెయ్యి పెట్టి టికెట్లు కొనాలి. దుఃఖంలో ఉన్నవాళ్ళు దూరంగా కూర్చోవాలి, టికెట్టుకు చెయ్యి తగలకూడదు. తరవాత హోటల్లో పూరీ. అంతటితో దుఃఖం తీరినట్టు లెక్క, మర్నాటి నుంచి మగవాళ్ళు పనికి పోవచ్చు. అది జరగనంతవరకు పోకూడదు. ఏడాది పాటు చేసే దుఃఖాన్ని మూడు గంటలకు కుదించిన మా పెద్దవాళ్ళు తెలివైనవాళ్ళని నాకెప్పుడూ అనిపిస్తుంది.

అవ్వ, అంటే మా నాయన తల్లి, సినిమా సంగతి ఎత్తగానే నాయన పదహారు రోజుల తర్వాత మొదటిసారి ఒక పూర్తి వాక్యం మాట్లాడాడు.

"వాడు యానాడన్నా సినిమా చూసినాడామ్మా? ఆటకి పోదాం."

అవ్వ అడిగింది. "టికెట్టుండాదా దానికి?"

"ఉండాది."

"కూచునేదానికి చోటుండాదా?"

"ఉండాది."

"అట్లయితే సరి."

మా జిల్లా ఫుట్‌బాల్ క్లబ్బు ఆటలన్నీ వేలూరులోనే జరుగుతాయి. ఆదివారం ఆట ఉంటే అన్నదమ్ములిద్దరూ బస్సెక్కి పోయేవాళ్ళు. టికెట్లు చిన్నాయనే కొనేవాడు. గోడలో చిన్న గూడులాంటి కిటికీ, దానికి కమ్మీలు, లోపలినుంచి ఒక చెయ్యి. మొహం ఎప్పుడూ కనిపించేది కాదట. ఆ చేతికి పచ్చరాయి ఉంగరం ఉంటుందని, వాన రోజుల్లో కీళ్ళు ఉబ్బుతాయని చిన్నాయన మాకు చెప్పేవాడు. నాయనకు టికెట్టిచ్చి ముందు లోపలికి పంపేసి, ఆ చేతిని పలకరించి, యోగక్షేమాలు అడిగి, పోయిన వారం వాడలేకపోయిన టికెట్టును ఈ వారానికి మార్చమని బతిమాలి, ఆట మొదలయ్యాక లోపలికి వచ్చేవాడు. అంతదాకా నాయన పక్క సీటు మీద తువ్వాలు వేసి కాపలా కాసేవాడు. నాకు తెలిసి చిన్నాయనకు దగ్గరి స్నేహితులు ఇద్దరు. ఒకరు మా నాయన, రెండు ఆ చెయ్యి.

ఈ సీజను నుంచి క్లబ్బువాళ్ళు కౌంటర్ ఎత్తేశారు. టికెట్లు ఆన్‌లైన్‌లోనే అన్నారు. ఆ కబురు వచ్చినప్పుడు చిన్నాయన ఉన్నాడు. నాయన నంబరుతో యాప్‌లో ఖాతా తెరిచి పెట్టమని నాకు చెప్పింది ఆయనే. "నా ఫోన్లో వద్దులే పాపా, మీ నాయన ఫోన్లో ఉంటే నేను అలిగినప్పుడు కూడా మీ నాయన రావాల్సిందే" అన్నాడు. అలగడానికి అవకాశం రాలేదు.

నేను నా ఫోన్లో ఆ ఖాతా తెరిచి, దాంట్లోంచే అందరికీ టికెట్లు కొన్నాను. నాయనకు, అమ్మకు, అవ్వకు, మామకు, నాకు. బస్సులో నిలబడే కొనేశాను. నేను వేలూరులో ఒక స్కాన్ సెంటర్‌లో పనిచేస్తాను. మూసేసిన కౌంటర్ పక్కన నిలబడి, వచ్చినవాళ్ళకు "ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోండి" అని చెప్పడం నా ఉద్యోగం. ఆ కౌంటర్ ఉన్నప్పుడు దాని వెనక కూర్చునేదాన్ని, ఇప్పుడు ముందుకొచ్చాను. దాన్ని పదోన్నతి అన్నారు.

సాయంత్రం ఇంటికి పోయేసరికి నాయన ఫోను ఆయన ముందు నేల మీద ఉంది. అవ్వ దాన్ని పాము పిల్లను చూసినట్టు చూస్తోంది.

"ఎవురే కొనింది?" అంది అవ్వ.

"నేనే అవ్వా."

"నువ్వు కొంటే ఈడి ఫోను ఎందుకు మోగింది?"

"టికెట్లు నాయన పేరుతో ఉండాయి. దుడ్డు గూడా నాయన ఖాతాలోంచే పోయింది. మామ మళ్ళీ ఇస్తాడులే."

"దుడ్డు సంగతి కాదే! చెయ్యి. కొనాల్సింది బయటోళ్ళ చెయ్యి. సావు ఇంటోడే టికెట్టు కొనుక్కుంటే దుక్కం యాడికి పోతాది? చుట్టూ తిరిగి మళ్ళా ఈడికే వస్తాది."

"ఆన్‌లైన్‌లో చెయ్యి ఉండదవ్వా."

"చెయ్యి లేకుండా ఎట్ల కొంటారే? ముక్కుతోనా?"

నేను నవ్వాను. ఇంకెవరూ నవ్వలేదు. నాయన ఫోను తీసి జేబులో పెట్టుకుని, గోడకు మళ్ళీ ఆనుకున్నాడు. "అమ్మ చెప్పేది సరే. ఇది చెల్లదు. ఇప్పుడప్పుడే పనికి పోలేను" అన్నాడు. ఆ గొంతులో బాధ ఉంటే బాగుండేది. కొంచెం ఊరట వినిపించింది. అప్పుడు నాకు అర్థమైంది, ఈయనకు ఈ గోడ వదిలి ఆ గోడ దగ్గరికి పోవాలని లేదని. నీళ్ళ తొట్టి పక్కన తాపీకి అప్పటికే తుప్పు మొదలైంది.

మామకు ఫోను చేశాను. మా అమ్మకు అన్న. కనియంబాడి దగ్గర సేద్యం. ఫోనులో మాట్లాడితే కనియంబాడి నుంచి నేరుగానే వినిపిస్తుంది.

"ఇంత రాద్ధాంతం ఎందుకు పాపా? నేనొచ్చి కౌంటర్లో తీస్తా. సరియా?"

"కౌంటర్ లేదు మామా."

"టికెట్టుండి కౌంటర్ లేకుండా పోతాదా యాడన్నా?"

"ఇప్పుడు అంతే మామా."

"నువ్వు సిన్నపిల్లవి. నేనొస్తాండా కదా."

ఆదివారం అందరం వేలూరు పోయాం. కొత్త బట్టలు కాదు గానీ ఉతికినవి. స్టేడియం గోడ దగ్గర మామ నేరుగా కిటికీ దగ్గరికి నడిచాడు. కమ్మీల వెనక ప్లైవుడ్ పలక బిగించి ఉంది. దాని మీద గళ్ళ గళ్ళ కోడ్ ఉన్న కాగితం అతికించారు. మామ పలకను మూడుసార్లు తట్టి, "అప్పా" అని పిలిచి, చెవి పెట్టి విన్నాడు. లోపల ఎవరో ఉండి అలిగి తలుపు తియ్యనట్టు, ఇంకోసారి కాస్త బుజ్జగింపుగా తట్టాడు.

గేటు దగ్గరి కాపలాదారు వచ్చాడు. "కౌంటర్ ఇల్లప్పా. ఆన్‌లైన్ దాన్." కౌంటర్ లేదు, ఆన్‌లైనే అని.

"లోపల ఒకాయన ఉండేవాడు కదా? ఉంగరం ఆయన?" ఈ మాట అడిగింది నాయన. ఆయన నోరు తెరుస్తాడని ఎవరమూ అనుకోలేదు.

కాపలాదారుకు తెలియదు. కొత్తగా చేరాడట.

అవ్వ అక్కడున్న సిమెంటు తిన్నె మీద కూర్చుంది. పద్ధతి ప్రకారం నాయనను తన పక్కనే కూర్చోబెట్టుకుంది. "పాపా, నువ్వు ఆ ఫోను తాకొద్దు. నోటితో చెప్పు. మామనే చెయ్యమను" అంది. నోటితో చెప్పడం నాకు జీతం ఇచ్చే పని. మూసేసిన కౌంటర్, పక్కన నేను, ఎదురుగా చేతిలో ఫోనుతో కంగారు పడే పెద్దమనిషి. సెలవురోజు కూడా ఆఫీసుకు పోయినట్టే ఉంది.

మామ ఫోనులో డబ్బు పంపే ఏర్పాటు ఉంది. ఎరువుల అంగడికి మామ దాంతోనే కడతాడు, నొక్కేది మాత్రం అంగడివాడు. కాగితం మీది కోడ్‌ను ఫోనుకు చూపించడానికి మామ ఫోనును పలకకు ఆనించి పెట్టాడు. వెనక్కి జరగమన్నాను. తను జరిగాడు, ఫోను అక్కడే ఉంది. ఎలాగో తెరుచుకుంది. సీట్ల బొమ్మ వచ్చింది.

"ఈ బూడిద రంగువి ఏంది?"

"అవి అమ్ముడైపోయినవి మామా. మనయ్యే. చెల్లనివి."

"వాటి పక్కనే తీసుకుందామా?"

"తీసుకో."

అసలు కష్టం అప్పుడు మొదలైంది. మామ బొటనవేలు కొడవలి పట్టీ పట్టీ రాయిలా అయింది. ఎంత నొక్కినా తెర పట్టించుకోలేదు. చొక్కాకు తుడిచాడు. ఊదాడు. నాలుకకు అద్దుకుని నొక్కాడు. అటుపక్క వరస ఒకటి మొత్తం ఎంపికైపోయింది. అది తీసేయడానికి ఇంకో యుద్ధం. వెనక నిలబడ్డ కుర్రాళ్ళు "అన్నా, నాన్ పోడట్టా?", నేను నొక్కనా అని, సాయానికి చెయ్యి చాచారు. అవ్వ తిన్నె మీదనుంచే అరిచింది.

"తాకొద్దు! ఆయనే నొక్కల్ల!"

కుర్రాళ్ళు చేతులు వెనక్కి తీసుకున్నారు. ఇదేదో మొక్కు అనుకున్నారేమో, ఒకడు చెప్పులు కూడా విడిచాడు.

చివరికి పడింది. ఫోను టింగుమంది. మామ దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని తీసుకుపోయి కాపలాదారుకు చూపించాడు. అవ్వ అడిగింది, "ఎవురి పేరుండాది దాంట్లో?" కాపలాదారు మామ పేరు చదివాడు. అవ్వ లేచి చీర దులుపుకుంది. "పాండి లోపలికి."

ఆట గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. సినిమా అయితే చీకటి ఉంటుంది, ఏ మొహం పెట్టుకున్నా ఎవరికీ కనపడదు. ఇక్కడ సాయంత్రం నాలుగు గంటల ఎండ. మా వరసలో సగం మేము, మా పక్కన నేను ముందు కొన్న సీట్లు, నాయన పేరుతో, ఖాళీగా. నాయన వాటి మీద తువ్వాలు పరిచాడు. ఆలోచించి కాదు, అలవాటుగా. ఎవరైనా అడిగితే తల అడ్డంగా ఊపాడు. చిన్నాయన ఇంకా కిటికీ దగ్గర కబుర్లాడుతున్నాడు, వస్తాడు అన్నట్టుంది. నేను చూశాను. వేరుశనగలు తింటున్నాను. వాటిలో ఉప్పు ఎక్కువైందని అనిపించింది, అంతకుమించి ఏమీ అనిపించలేదు. అనిపించాలేమో అని కాసేపు ఎదురు చూశాను కూడా.

సగం ఆట అయ్యాక ఒకాయన చంటిబిడ్డను ఎత్తుకుని, వెనక భార్యతో, చోటు వెతుకుతూ వచ్చాడు. "ఇంగ ఆల్ ఇరుక్కా?" ఇక్కడ ఎవరైనా ఉన్నారా అని.

నాయన మైదానం వైపు చూశాడు. గేటు వైపు చూశాడు. తువ్వాలు తీసి భుజం మీద వేసుకున్నాడు.

"ఇల్లప్పా. కూచోండి."

ఆట సున్నా సున్నాతో ముగిసింది. ఇంత తతంగం చేసి ఒక్క గోలు కూడా చూడకుండా దుఃఖం తీర్చుకున్న కుటుంబం మాదొక్కటే అయి ఉంటుంది. "ఎవురు గెలిచినారు?" అని అవ్వ అడిగితే ఎవరూ గెలవలేదని చెప్పాం. "అది మేలు" అంది.

హోటల్లో పూరీలు వచ్చాయి. నాయన ఒకటి తుంచి, చేతిలోనే పట్టుకుని, నన్ను అడిగాడు.

"నువ్వు ముందు కొనిన టికెట్లు పైవారానికి మారుస్తారా?"

"మార్చరు నాయనా. అయిపోయినట్టే."

"వాడుండుంటే మార్చేసుండేవాడు" అన్నాడు నాయన. "ఆ ఉంగరమాయన్ని పట్టుకోని, ఏదో ఒకటి సెప్పి, మార్పించుకోని వచ్చుండేవాడు. పోయినోడు కౌంటర్‌ని గూడా ఎత్తుకోనే పోయినాడు, నా కొడుకు."

తమ్ముడి గురించి ఆయన అంతసేపు మాట్లాడటం అదే మొదలు. తిట్టే. అవ్వ నమలడం ఆపింది. అమ్మ నీళ్ళ గ్లాసు చూస్తూ ఉండిపోయింది. అట్లాగే ఇంకొంచెం సాగితే ఎవరో ఒకరు ఏడ్చేవాళ్ళే. మామ సర్వర్‌ను పిలిచి కుర్మా ఇంకొంచెం వెయ్యమన్నాడు. సాధారణంగా అది నేను చేసే పని.

సోమవారం పొద్దున నాయన ఫోను మళ్ళీ మోగింది. చదవమని నాకిచ్చాడు.

"నిన్న ఆట ఎట్లుండిందని క్లబ్బోళ్ళు అడుగుతాండారు. చుక్కలు ఇయ్యాలంట."

"కౌంటర్ తెరవమని సెప్పు."

"దాంట్లో అట్ల చెప్పేదానికి చోటు లేదు నాయనా. చుక్కలే."

"అయితే వద్దులే."

తొట్టి దగ్గర కూర్చుని ఇటుక ముక్కతో తాపీకి పట్టిన తుప్పు గీకాడు. సంచిలో తాపీ, తూకం గుండు, నూలుదారం చుట్ట వేసుకుని, తువ్వాలు భుజాన వేసుకుని పనికి బయలుదేరాడు. ఆ దారానికి రెండో కొస ఎవరు పట్టుకుంటారని నేను అడగలేదు. దానికి మనిషే ఉండాలని లేదు. మేకు కొట్టినా నిలుస్తుంది.