మేకల దగ్గర గురువారాలు

నా భార్య పోయిన మూడో నెలలో, ఆమె చెవి మిషను డబ్బా జేబులో పెట్టుకుని మా ప్రొద్దుటూరులోని చెవిటి పిల్లల బడికి వెళ్ళాను. ఆమె చీరలు మరదలు తీసుకుపోయింది. కుట్టుమిషను పక్కింటివాళ్ళకు ఇచ్చేశాను. ఈ చెవి మిషను ఎవరికివ్వాలో మాత్రం తెలియలేదు. మాకు పిల్లలు లేరు.

జమ్మలమడుగు డిపోలో కండక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి నేను. రోజంతా బస్సులో గొంతు చించుకుని ఇంటికి వస్తే, వినపడని మనిషి కోసం మళ్ళీ అరవాలంటే విసుగు పుట్టేది. ఆమె నా ముఖంలోకి చూస్తూ "ఏంది, ఏమంటివి?" అని అడిగేది. "ఏం లేదులే" అనేవాణ్ణి. చివరికి మిషను కొన్నాను గానీ, అప్పటికే మా ఇద్దరికీ మాట్లాడుకునే అలవాటు తప్పిపోయింది.

దాతల సాయంతో నడిచే ఆ బడికి ఉన్నవి నాలుగే గదులు. అక్కడి టీచరమ్మ డబ్బా తెరిచి, మిషనును అరచేతిలో పెట్టుకుని చూసింది.

"ఇది పిల్లోళ్ళకు పనికిరాదు సార్. వినికిడి ఒక్కొక్కరికి ఒక్కో రకంగా ఉంటాది. చెవిలో పెట్టే అచ్చు కూడా ఎవురిది వాళ్ళకే చేయించల్ల. ఈడ పెట్టిపోండి, పెద్దోళ్ళకు ఎవురికన్నా సరిచేసి పెడతారేమో డాక్టర్ను అడుగుతా" అంది.

"మరి పిల్లోళ్ళకు నేనేమియ్యల్ల?"

ఒక పూట భోజనం పెట్టొచ్చంది. మిషన్లలో వేసే సెల్లులు కొనివ్వొచ్చు, బొమ్మల పుస్తకాలు ఇవ్వొచ్చు, ఊళ్ళ నుంచి వచ్చే తల్లులకు బస్సు చార్జీలు ఇవ్వొచ్చు. భోజనం సులభమనిపించి అదే ఒప్పుకున్నాను.

ఆ శనివారం చిత్రాన్నం, పప్పు, తీపికి ఓళిగలు చేయించి బకెట్టు పట్టుకుని నేనే వడ్డించాను. పిల్లలు కుడిచేత్తో తింటూ ఎడమచేత్తో మాట్లాడుకుంటున్నారు. ఈ వరుసలో పిల్ల ఏదో చెబితే ఆ వరుసంతా విరగబడి నవ్వింది. ఇంకో పిల్ల నా వైపు వేలు చూపించింది. మళ్ళీ నవ్వులు. నా మీసం గురించో, వడ్డన గురించో నాకు తెలియదు. అంతమంది మాట్లాడుకుంటున్న చోట ఒక్క ముక్క అర్థంకానివాణ్ణి నేనొక్కణ్ణే. ఊరికే నేనూ నవ్వాను.

అలా నవ్వగానే జమ్మలమడుగులో మా బంధువుల పెళ్ళి గుర్తొచ్చింది. ఆడవాళ్ళ గుంపులో ఒక చివర కూర్చుని, అందరూ నవ్వినప్పుడల్లా నా భార్య కూడా నవ్వింది. ఇంటికి వస్తూ దారిలో "వాళ్ళు ఎందుకు నవ్వినారు?" అని అడిగింది. ఏం లేదులే అన్నాను.

బకెట్టు కింద పెట్టి బయటికి వచ్చేసరికి టీచరమ్మ ఫోనులో ఎవరినో బతిమాలుతోంది. పెట్టేశాక సంగతి చెప్పింది. వీరపునాయునిపల్లె దగ్గరి పల్లెలో మేకలు కాచుకునే ఒక తల్లి. భర్త గొర్రెల మందతో దూరం పోయాడు. ఐదేళ్ళ కూతురికి ఈమధ్యే మిషను పెట్టారు. ప్రతి గురువారం మాటలు నేర్పే తరగతికి తల్లీ బిడ్డా ఇద్దరూ రావాలి.

"మిషను పెడితే సరిపోదు సార్, మాట నేర్పల్ల. ఈ వయసు దాటితే శానా కష్టం. ఆమె చూస్తే మేకల్ని ఎవురు చూసుకుంటారంటాది."

"నేను చూసుకుంటా" అన్నాను.

ఆమెకు నవ్వొచ్చింది. "మీకు మేకలు కాయను వచ్చునా?"

"రాదు. నేర్చుకుంటా."

గురువారం తెల్లవారుజాము బస్సుకు ఆ పల్లెకు వెళ్ళాను. ఆ తల్లి నన్ను కింది నుంచి పై దాకా చూసింది. "బస్సు చార్జీకి దుడ్లు ఇయ్యను వచ్చినావేమో అనుకుంటి. మేకలు కాయనా మామా?" అంటూనే కర్ర చేతికిచ్చింది. "ఆ నల్లది మాట వినదు. దాన్ని కనిపెట్టుకోనుంటే తక్కినవి యాడికీ పోవు" అని చెప్పి, బిడ్డను లాక్కుని బస్సు కోసం పరిగెత్తింది.

గంట తిరక్కముందే ఆ నల్లమేక పక్క శనగచేలో పడింది. చేను రైతు కేకలు వేస్తూ వచ్చాడు. "ఎవురప్పా నువ్వు? కండ్లు కనపడ్లేదా?" జరిగింది చెప్పాను. అతను గట్టు మీది తుమ్మచెట్టు చూపించి, "ఆడ కూర్చో. ఆడ్నించి అన్నీ కనపడతాయి" అని వెళ్ళిపోయాడు.

అలా ఎన్ని గురువారాలో. బతుకంతా జనంలో నలిగినవాణ్ణి, ఆ నల్లరేగడి మధ్య మేకలు ఆకు నమిలే చప్పుడు వింటూ కూర్చునేవాణ్ణి. మధ్యాహ్నం తెచ్చుకున్న పెరుగన్నం తిన్నాక, నా భార్యకు చెప్పకుండా దాటేసినవి పైకే చెప్పేవాణ్ణి. ఆ పెళ్ళిలో ఆడవాళ్ళు ఎందుకు నవ్వారో, గుర్తున్నంత వరకు అదీ చెప్పాను. వినేవాళ్ళెవరూ లేరని తెలుసు.

ఒక సాయంత్రం బస్సు దిగి వాళ్ళిద్దరూ వస్తున్నారు. బిడ్డ ముందు నడుస్తోంది. వెనక కంప పక్క నుంచి ఒక పిల్లమేక అరిచింది. బిడ్డ ఆగి, వెనక్కి తిరిగి దాని కోసం వెతికింది. తల్లి ఉన్నచోటే నిలబడిపోయింది.

"మామా, చూసినావా? తిరిగింది మామా!"

చూశానన్నాను.

వేసవి సెలవులయ్యాక ఆ బిడ్డను పులివెందులలో హాస్టలున్న చెవిటి పిల్లల బడిలో చేర్చారు. "ఇంక నువ్వు రావాల్సిన పన్లేదు మామా. శానా చేసినావు" అంది తల్లి. ఆ మాట విని సంతోషించాల్సిందే, సంతోషించాను కూడా. కానీ మరుసటి గురువారం పొద్దున్నే స్నానం చేసి, చొక్కా వేసుకుని, బస్సు వేళ దాటిపోయేదాకా మంచం మీద కూర్చున్నాను. ఆ వారంలోనే టీచరమ్మ ఫోను చేసింది. నా భార్య మిషనును చాపాడులో ఒక ముసలామెకు అమర్చారట. ఆమెకు ఇంట్లో మాట్లాడే మనుషులు ఉన్నారా అని అడగబోయి ఊరుకున్నాను.

ఒకసారి ఆ తల్లితో కలిసి పులివెందుల వెళ్ళాను. బిడ్డ పరిగెత్తుకొచ్చి తల్లిని వాటేసుకుంది. నన్ను చూసి స్నేహితురాళ్ళ వైపు తిరిగి, తల మీద రెండు వేళ్ళు కొమ్ముల్లా పెట్టి, తర్వాత మూతి మీద మీసం దువ్వినట్టు చూపించింది. అందరూ నవ్వారు.

"ఏమంటాంది?" అని తల్లిని అడిగాను.

"మేకల తాత అంటాంది మామా."

తిరుగు బస్సులో ఆమె తన ఊరి దగ్గర దిగిపోయింది. ప్రొద్దుటూరు దాకా నా పక్క సీటు ఖాళీగానే ఉంది. కండక్టరు కుర్రవాడు, నన్నెరగడు. ఇంకేదైనా పనుంటే చెప్పమని టీచరమ్మకు చెప్పి ఉంచాను. ఉంటే తప్పకుండా చెప్తానంది.