రాయికి వదిలిన జాగా

మా ల్యాబులో కొలిమిలోంచి తీసిన గ్రానైటు ముక్క చల్లారేటప్పుడు సన్నగా టిక్, టిక్ మంటుంది. అది విన్నప్పుడల్లా నాకు జీడిపిక్కల తొక్కు కాలిన ఘాటు పొగ, ఆ పొగలో కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్న సత్యవతి మేడమ్ గుర్తొస్తారు.

తొంభైల చివర, నర్సీపట్నంలో డిప్లొమా చదివేటప్పుడు వస్తువుల్లో ఒత్తిడి లెక్కలు మాకు ఆవిడే చెప్పేవారు. రోజూ పాయకరావుపేట నుంచి బస్సులో వచ్చేవారు. మొదటిరోజు పెద్ద రబ్బరు ముక్క మీద పెన్నుతో గళ్ళు గీసి, వేళ్ళ మధ్య నొక్కి, "గళ్ళు ఏటయ్యాయి?" అని అడిగారు. జవాబు నాకు తెలుసు. కానీ నేను జవాబులు ఇంటికెళ్ళి డైరీలో రాసుకునే రకం. క్లాసయ్యాక నన్ను ఆపి, "నీ పెదాలు కదిలాయి, మాట రాలేదేటే?" అన్నారు. తిట్టలేదు, నవ్వారు. ఆవిడ చెప్పిన పాఠాల్లో నాకు బాగా నచ్చింది వేడి గురించి. "కాలిన రాయి పెరుగుతాది. పెరగడానికి జాగా ఉంటే దానికి ఏ బాధా లేదు. అడ్డుపడితేనే ఒత్తిడి. అప్పుడు రాయైనా పగలాలి, అడ్డొచ్చిందైనా పగలాలి."

ఆ వేసవిలో మా ఇంటికి కొత్త గది కడుతుంటే పునాదిలో పెద్ద బండ అడ్డొచ్చింది. ఒకవైపు వంటింటి మట్టిగోడ, రెండోవైపు అప్పుడే పేర్చిన పునాది రాళ్ళు, మధ్యలో బండ ఇరుక్కుని ఉంది. పెద్దనాన్న దాని మీద జీడితొక్కు పోయించాడు. బాగా కాల్చి నీళ్ళు కొడితే చీలుతుంది, మా వైపు అలవాటే. గోడకవతల మామ్మ చేరగిలబడి కూర్చుని ఉంది. మా ఇంట్లో ఒలిచి అమ్మే జీడిపప్పు కొనడానికి వచ్చిన మేడమ్ ఒక్కసారి బండను చూసి, వెళ్ళి మామ్మను పెరట్లోకి నడిపించుకొచ్చారు. తర్వాత నావైపు చూశారు. "నీకు తెలుసు కదా. సెప్పు."

"పెద్దనాన్నా, కొత్త రాళ్ళు తీసేసి అప్పుడు కాల్చండి. బండ పెరిగితే గోడను తోసేస్తాది."

"నిన్నంతా పేర్సినవి పీకమంటావేటే? బండ పెరగడానికి అదేటి, కోడిపిల్లా?"

అందరూ నవ్వారు. నేను వెనక్కి తిరగబోయాను. "నవ్వడం అయిందా? దాని మాట ఇంకా అవ్వలేదండీ," అన్నారు మేడమ్, మామ్మ పక్కనుంచి కదలకుండానే.

"బండి చక్రానికి ఇనప పట్టా కాల్చే కదా ఎక్కిస్తారు పెద్దనాన్నా? ఎందుకు కాలుస్తారు?" అని అడిగాను.

ఆయన ఏళ్ళ తరబడి బండ్లు తోలినవాడు. తువ్వాలుతో మొహం తుడుచుకుని బండను ఓసారి, గోడను ఓసారి చూశాడు. "పీకండ్రా ఆ రాళ్ళు, బేగి!"

మంట తగ్గాక నీళ్ళు కొడితే బండ పెద్ద చప్పుడుతో చీలి, సగం చెక్క ఖాళీ చేసినవైపు ఒరిగింది. గోడ నిలిచింది. మామ్మ ఇచ్చిన జీడిపప్పు నములుతూ మేడమ్, "బండతో పాటు నీ గొంతుకీ జాగా దొరికిందే," అన్నారు.

ఇప్పుడు కాలిన రాళ్ళలో ఒత్తిడి లెక్కగట్టడమే నా ఉద్యోగం. ఏ లెక్కకైనా ముందు ఆ రాయి ఎటు కదలగలదో, ఎక్కడ అడ్డు ఉందో బొమ్మ గీసుకుంటాను. శిక్షణకు వచ్చే పిల్లల్లో ఎవరివైనా పెదాలు కదిలి మాట రాకపోతే, చెప్పేది ఆపి, సుద్దముక్క కింద పెట్టేసి, ఆగుతాను.