విమానం వయా పొట్టంగి, సుంకి

సూర్యారావు స్టాపు కనిపిస్తే ఆపకుండా ఉండలేడు. ముప్ఫై ఏళ్ళు కోరాపుట్–సాలూరు బస్సు నడిపినన్నాళ్ళూ ఇది మంచి గుణమే. రిటైరై, సెమిలిగుడలో ఇంట్లో కూర్చుని కంప్యూటర్‌లో విమానం నడిపే ఆట మొదలుపెట్టాక కూడా అది వదలకపోవడంతోనే వచ్చింది చిక్కు.

విశాఖ వెళ్ళాల్సిన విమానం పొట్టంగిలో దిగేది. సుంకిలో దిగేది. సంత రోజైతే రోడ్డు మీదే ఐదు నిమిషాలు ఆగేది.

"ఎవులెక్కుతారని ఆపేవు?" అనేది భార్య గౌరీశ్వరి.

"ఎవులో ఒకరుంటారే. పాపం, ఎండలో నిలబడుంటారు."

ఘాట్ మలుపుల దగ్గర మాత్రం ఆయనకి ఒళ్ళు మండేది. "ఇంత ఇమానం సేసి హారన్ పెట్టనేదు సూడు, ఎదవలు!"

గౌరీశ్వరికి ఇదంతా నవ్వులాటే, ఢిల్లీ కబురు వచ్చేవరకు. ఆమె మహిళా సంఘం చేసే చోడి (రాగి) జంతికల్ని అక్కడి చిరుధాన్యాల మేళాకి ఎంపిక చేశారు. నెల తిరిగేలోగా విశాఖలో విమానమెక్కాలి. ఎక్కకపోతే స్టాలు ఇంకో సంఘానికి పోతుంది. వెళ్ళాలని ఆమెకి ప్రాణం లాగుతోంది. విమానం అంటే మాత్రం భయం. కాస్త ధైర్యం వస్తుందేమోనని ఓ రోజు మొగుడి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది.

సుంకి కొండల మీదకి రాగానే విమానం టక్కున ఆగింది. కదలదు, పడదు. కాసేపు గాల్లో అలాగే వేలాడి, ఒక్క గెంతు గెంతి, మళ్ళీ ఆగింది.

"ఓలమ్మో! గాల్లో ఆగిపోనాదేటి?"

"ఇమానం కాదే, కంప్యూటర్ ఆగింది. పాతది కదా."

"నిజం ఇమానంలో కంప్యూటర్ ఉండదేటి?"

సూర్యారావు జవాబు చెప్పడానికి నోరు తెరిచాడు. ఉంటుందని గుర్తొచ్చి మూసేసుకున్నాడు.

"అయితే నానెక్కను," అని ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి ఆయనకి పిచ్చి పట్టింది. కంప్యూటర్‌కి బరువు తగ్గుతుందని ముందు ఆటలో చెట్లూ మబ్బులూ తీసేశాడు. "కొండలకి గుండు కొట్టించీసేవేటయ్యా?" అని గౌరీశ్వరి మూతి తిప్పింది. తర్వాత ర్యామ్ పెంచాడు. హార్డ్‌డిస్క్ పీకించి ఎస్ఎస్‌డీ పెట్టించాడు. అయినా సుంకి దగ్గర గెంతు పోలేదు. చివరికి కంప్యూటర్ షాపు శ్రావణ్‌కుమార్ ఒక పాత గ్రాఫిక్స్ కార్డు తెచ్చి బిగిస్తే, దానికి కరెంటు చాలక మొత్తం ఆరిపోయింది. పవర్ సప్లై డబ్బా కూడా మార్చక తప్పలేదు. ఇక ఆ కంప్యూటర్ ఫ్యాన్ల హోరులో గౌరీశ్వరికి టీవీలో ఒక్క ముక్క వినపడితే ఒట్టు.

"మీ ఆటకి ఇన్ని పార్టులక్కర్నేదు అంకుల్," అన్నాడు శ్రావణ్‌కుమార్, స్క్రూలు బిగిస్తూ.

"నాకెందుకురా? బ్రేకులు పడని బస్సులోనే ఘాట్ దిగినోణ్ణి. మీ ఆంటీకి కుదుపు తెలీకూడదు. అంతే."

వంటింట్లో జంతికల గొట్టం తిప్పుతున్న గౌరీశ్వరి చెయ్యి ఆగిపోయింది. ఇన్నాళ్ళూ ముసలాడు ఆటకి మరిగాడని నోరారా తిట్టుకుంది. ఇప్పుడు సిగ్గేసింది, ఆయన ముద్దొచ్చాడు కూడా. చేతులు కడుక్కొచ్చి పక్క కుర్చీలో కూర్చుంది.

"ఇమానం పోనీ," అంది.

"భయమేసినకాడ సెప్పు. ఆపుతాను."

పొట్టంగిలో ఆపించింది. సుంకిలో ఆపించింది. విమానం ఎక్కడా గెంతలేదు. సాలూరు దగ్గర ఆయన అలవాటు కొద్దీ కిందికి దింపబోతే, "ఎవుల్నేరు గానీ, పోనీవయ్యా!" అని కసిరింది.

అనుకున్న రోజుకి విశాఖలో ఒక్కతే విమానమెక్కింది. ఢిల్లీలో దిగగానే ఫోన్ చేసింది.

"దిగీసేను."

"అప్పుడేనా?" సూర్యారావు కంగారు పడ్డాడు. "నీ ఎనకాలే నానూ బయల్దేరేను. నాది సిన్న ఇమానం కదే, ఇంకా జబల్‌పూర్ మీదే ఉన్నాను."

"మద్దిలో ఎన్నిసోట్ల ఆపేవు?"

"ఒక్కసోటా ఆపనేదు. నువ్వొక్కదానివే ఎల్తన్నావని..."

మేళా నుంచి కారు తెచ్చిన వీణ అనే తెలుగు పిల్ల, "వెళ్దామా అమ్మా?" అని తొందర చేసింది. గౌరీశ్వరి జంతికల డబ్బాలు కాళ్ళ దగ్గర పెట్టుకుని, విమానాశ్రయం కుర్చీలో తీరిగ్గా చేరబడింది.

"కూకో అమ్మీ. మా ఆయన ఇమానం ఇంకా దిగనేదు."