గ్లెండా ఎడమ చెవి

పాత రైలు పట్టాలు పీకేసి తారు పోసిన ఆ బాట మీద గ్లెండా హోఫర్‌ను ఎరగనివాళ్లు లేరు. ఒహాయోలోని ఆ శివారు ఊళ్లో ఆమె వారమంతా స్కూలు వంటగదిలో పిల్లలకు మకరోనీ వడ్డిస్తుంది, శనివారం పొద్దున్నే మైళ్లకు మైళ్లు పరిగెత్తుతుంది. మనిషి కన్నా ముందు ఆమె నోరు వస్తుందని అందరూ నవ్వుకునేవారు. ఎవరైనా రెండు చెవులకీ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కనబడితే ఇక వాడి పని అయిపోయినట్టే.

"ఏమయ్యా, చెవులు ఇంట్లో పెట్టొచ్చావా? వెనక నుంచి సైకిలు గుద్దితే నీ పాటలే నిన్ను మోసుకుపోతాయా?"

ఆ బాట మీద వెనక నుంచి వచ్చి ఎడమగా దాటిపోయేవాళ్లు "ఎడమ పక్క!" అని కేకేసి మరీ దాటాలి. అందుకే గ్లెండా కుడి చెవికే ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఎడమది ఎప్పుడూ ఖాళీగా ఉంచుతుంది. అలాంటి మనిషి అబద్ధమాడింది, అదీ ఆ చెవి గురించే.

వేరే పందెంలో వాళ్లు పెట్టిన సమయంలోపు పరిగెత్తి బోస్టన్ మారథాన్‌కు అర్హత సంపాదించాలని గ్లెండాకు ఏళ్లనాటి ఆశ. ఆ అర్హత పందేనికి ముందు సాధన కోసం చేసిన చివరి దూరపు పరుగులో ఎప్పటిలాగే పక్కన బెవ్ ఉంది. బెవ్ స్కూలు బస్సు నడిపే మనిషి, గ్లెండాకు ప్రాణస్నేహితురాలు. ఆ రోజెందుకో వెనకబడింది. నీళ్లు తాగుతానంటే గ్లెండా ఒకసారి ఆగింది, మళ్లీ ఆగింది. ఆ తర్వాత వెనక నుంచి "గ్లెండా!" అని కేక వినబడింది. కాళ్లు మంచి ఊపు మీదున్నాయి. మళ్లీ నీళ్లకేలే అనుకుని ముందుకే పోయింది.

నీళ్లకు కాదు. చెట్టువేరు తారును పైకి లేపిన చోట కాలు తట్టుకుని బెవ్ పడిపోయింది, తుంటి ఎముక విరిగింది. సైకిలు మీద వచ్చినవాడెవరో చూసి అంబులెన్సును పిలిచేదాకా అక్కడే పడి ఉంది.

"రెండు చెవులకీ పెట్టుకున్నానే, వినబడలేదు" అంది గ్లెండా ఆసుపత్రిలో. బెవ్ తలూపింది.

తర్వాత పందెమూ అయింది, అర్హతా వచ్చింది. వంటగదిలో తోటివాళ్లు కేకు కోస్తే గ్లెండా తన ముక్క ముట్టుకోలేదు. చలికాలమంతా ప్రతి ఆదివారం ట్యూనా చేప, నూడుల్స్ కలిపి ఓవెన్‌లో కాల్చి పళ్లెం నిండా బెవ్ ఇంటికి మోసింది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచినప్పుడల్లా "ఉప్పు సరిపోయిందా?" అన్న మాటే బయటికొచ్చేది. ఇంటికి వెళ్తూ కారులో తనను తానే తిట్టుకునేది. బాట మీద ఎవరినీ మందలించడం కూడా మానేసింది.

వసంతం వచ్చాక బెవ్ చేతికర్రతో మొదటిసారి బాట మీదికి వచ్చింది. పక్కన గ్లెండా నడుస్తోంది. రెండు చెవులకీ ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న కుర్రాడొకడు వాళ్లను రాసుకుంటూ పరిగెత్తాడు. గ్లెండా తల దించుకుంది.

"ఏమే, వాణ్ణి వదిలేశావేం?" అంది బెవ్.

"నాకెందుకులే."

"ఎందుకో నాకు తెలుసులే. ఆ రోజు నేను పిలిస్తే నీ తల ఇటు తిరగబోయి ఆగింది. పడ్డానే గానీ కళ్లు పోలేదుగా."

గ్లెండా ఆగి ఆమె వైపు తిరిగింది.

"విన్నానే బెవ్. విని కూడా పోయాను."

"ఊఁ. ఈ ముక్క కోసం చలికాలమంతా నీ ట్యూనా తిన్నాను తల్లీ. ఇంకొన్నాళ్లు ఆగుంటే దాంతోనే పోయేదాన్ని."

గ్లెండాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "క్షమించావా?"

"ఇంకా లేదు. నడు."

నడిచారు. అలవాటు కొద్దీ గ్లెండా రెండడుగులు ముందుకు పోయింది. వెనక కర్ర చప్పుడు ఆగింది. తిరిగి చూస్తే బెవ్ బూటు లేసు ఊడి ఉంది. వంగలేక దాన్నే చూస్తూ నిలబడింది. గ్లెండా పరుగున వచ్చి తారు మీద మోకాళ్లూని లేసు కట్టింది.

"పిలవొచ్చు కదే" అంది తలెత్తకుండా.

"పిలిస్తే వస్తావని ఇంకా నమ్మకం కుదరలేదు" అంది బెవ్.