కటౌట్ మీద కప్పిన పట్టాలు

ఆ రోజు కల్లంలోంచి టార్పాలిన్ పట్టాలు తీసుకెళ్ళింది నేనే. నాన్న బతికున్నన్నాళ్ళూ ఈ ముక్క నా నోట రాలేదు. మొన్న టీవీలో ఆ పాత పాట వస్తుంటే మా అమ్మాయి చూసి, "నాన్నా, ఈవిడ మిరప రైతంటే ఎవరైనా నమ్ముతారా?" అని నవ్వింది. నేను లేచి చొక్కా వేసుకుని అక్క దగ్గరికి బయల్దేరాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, ప్రత్తిపాడు పక్కన మా ఊళ్ళో, నేను మా హీరో అభిమాన సంఘానికి అధ్యక్షుణ్ణి. సభ్యుల్లో సగంమంది మా చుట్టాలే కాబట్టి ఎన్నిక గొడవ రాలేదు. కొత్త సినిమాలో హీరోయిన్ మిరప పండించే పిల్లని తెలిసి ఊరంతా పొంగిపోయాం. మాకంటే ఎక్కువ సంబరపడింది అక్క. బావ పోయాక పుట్టింటికి వచ్చి, ఒకరి మీద ఆధారపడటం ఇష్టంలేక, అరెకరం కౌలుకు తీసుకుని మొదటిసారి తోట వేసింది. పంట చేతికొస్తే వేరే కాపురం పెట్టుకుంటుంది, పోతే మళ్ళీ వ్యవసాయం మాటెత్తకూడదు. నాన్న పెట్టిన షరతు అది. "మన పని చేసే పిల్లను చూపిస్తారంటగా, నన్నూ తీసుకెళ్ళరా," అంది. మొదటి ఆటకు ఆడవాళ్ళు రాకూడదన్నాను.

విడుదల రోజు తెల్లారేసరికి మబ్బు పట్టింది. అక్క కాయలు కల్లం నిండా ఎర్రగా పరిచి ఉన్నాయి. మబ్బు చూడగానే నాకు గుర్తొచ్చింది మాత్రం గుంటూరులో హాలు ముందు మేం నిలబెట్టిన కటౌట్. దాని రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు. అక్క అన్నం వండటానికి ఇంటికి వెళ్ళగానే, కాయల మీద కప్పే పట్టాలు చుట్టి మోపెడ్ మీద వేసుకుపోయి కటౌట్‌కి కప్పాను.

తెర మీద వాన. ఎండు మిరపకాయల మీద హీరోయిన్ తడిసిన చీరలో గెంతుతోంది. మాలాంటి అభిమానుల కోసమే పెట్టిన పాట. కాగితాలు చింపి ఎగరేశాం, గొంతులు పోయేలా ఈలలు వేశాం. హాలు నిండా రైతుల పిల్లలమే, కాయలు తడుస్తున్నాయన్న సంగతి ఒక్కడికీ తోచలేదు. బయటికి వస్తే రోడ్డు మీద నీళ్ళు పారుతున్నాయి.

నేను పట్టాలు విప్పుకుని కల్లానికి చేరేసరికి అక్క మోకాళ్ళ మీద కూర్చుని గోనెసంచులూ, దుప్పట్లూ, చివరికి తన కొంగూ కాయల మీద కప్పుతోంది. చప్పుడు కాకుండా పట్టాలు పాక వెనక పడేశాను. కాసేపటికి అవి నాన్న కంటపడ్డాయి. "ఇక్కడే ఉంటే కనపళ్ళేదంటావేంటే? నువ్వేం వ్యవసాయం చేస్తావు?" అన్నాడు అందరి ముందూ. అక్క నా వైపు చూసింది. నేను మబ్బు వైపు చూశాను. కాయలన్నీ తెల్లబడి, ధర పలకని తాలుకాయలైపోయాయి. ఆ తర్వాత అక్క ఏటా ఒకరి కాయలకు కూలికి తొడాలు తీసింది.

రెండో వారంలో తనే వెళ్ళి సినిమా చూసొచ్చి, "కాయలు తడుస్తుంటే ఆ పిల్లకు ఏడుపన్నా రాలేదేంట్రా?" అంది. ఏడుపు చూడ్డానికి ఎవడూ టిక్కెట్టు కొనడని, ఆడవాళ్ళకు సినిమా ఏం తెలుసని కసిరాను.

మొన్న అంతా చెప్పాను. తలొంచుకుని వింది.

"పట్టాకి మీ హీరో మీసం రంగు అంటుకునుంది. ఆరోజే చూశాన్రా. నువ్వే చెబుతావని ఊరుకున్నా."

"తప్పు నాది అక్కా. నాన్న నిన్ను మాటలంటుంటే చూస్తూ నిలబడ్డాను. నన్ను క్షమించు," అన్నాను. ఆ రోజు కల్లంలో అని ఉంటే ఊరంతా వినేది. ఇన్నేళ్ళకు, వినడానికి అక్క ఒక్కతే మిగిలింది.